అటక మీద పాత రికార్డు ప్లేట్లు ఉన్నాయా? టర్న్‌టేబుల్ కొనేముందు ఇవి చూసుకోండి.. తేడా వస్తే పాటలే పోతాయ్!

నిజామాబాద్, బోధన్: పాత ఇల్లు సర్దుతుంటే అటక మీద ఓ ట్రంకు పెట్టె బయటపడుతుంది. లోపల నల్లటి ప్లేట్లు. ఘంటసాల భగవద్గీత ఒకటి, శంకరాభరణం ఒకటి, పక్కనే ఓ ఖవ్వాలీ, ఓ మరాఠీ అభంగాల రికార్డు. తాత పేరు కవర్ మీద సిరా పెన్నుతో రాసి ఉంటుంది. వెంటనే ఫోన్ తీసి ‘రికార్డ్ ప్లేయర్’ అని వెతికితే సూట్‌కేస్‌లా ముద్దుగా ఉన్న ఓ మెషీన్ ఐదారు వేలకే కనిపిస్తుంది. ఆర్డర్ కొట్టేస్తారు. సరిగ్గా అక్కడే చాలామంది దెబ్బతింటున్నారు.

ఎందుకంటే ప్లేయర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ప్లేటు గాడి అరిగిపోతే ఆ పాట ఇక తిరిగి రాదు. టర్న్‌టేబుల్ కొనే లెక్క మొత్తం ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

బోధన్ సంగతి కాస్త వేరే. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు తెచ్చుకుంది. నిజాంసాగర్ కాలువ నీళ్లు, చెరకు తోటలు, శక్కర్‌నగర్ కాలనీ.. తెలుగు, ఉర్దూ, మరాఠీ మాట్లాడే కుటుంబాలు పక్కపక్కనే బతికిన చోటు. అలాంటి ఊళ్లో దొరికే రికార్డుల పెట్టె కూడా అన్ని భాషలు కలిసే ఉంటుంది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇల్లు మారినా, ఊరు మారినా జనం ముందు వదిలించుకునేది అటక సామానే. పాత సామాన్లోడు వాటిని కిలోల లెక్కన తూకం వేస్తాడు. అందులో ఏముందో ఆయనకీ తెలియదు, ఇచ్చేవాళ్లకీ తెలియదు.

ముందు మెషీన్ కాదు.. మీ దగ్గరున్న ప్లేట్లు చూడండి

షాపుకు వెళ్లేముందు పెట్టె తెరిచి ప్లేట్లను మూడు కుప్పలు చేయండి. పన్నెండు అంగుళాల పెద్ద ప్లేటు, కాస్త వంచితే వంగేలా ఉంటే అది ఎల్‌పీ. నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా పాటలు ఉంటాయి. ఏడు అంగుళాల చిన్న ప్లేటు ఈపీ. సాధారణంగా 45 చుట్లు. మన సినిమా పాటలు నాలుగేసి చొప్పున వచ్చింది ఎక్కువగా వీటి మీదే. ఈ రెండూ వినైల్, అంటే ఒక రకం ప్లాస్టిక్.

మూడో కుప్పతోనే జాగ్రత్త. పది అంగుళాలుండి, బరువుగా, కింద పడితే గాజులా పగిలిపోయే ప్లేట్లు ఉంటే అవి 78 చుట్లవి. లక్కతో చేసినవి. 1960ల దాకా మన దేశంలో ఇవి వచ్చాయి. కోల్‌కతాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసిన 1902 నుంచి మొదలుపెడితే, అర్ధ శతాబ్దానికి పైగా మన సంగీతం దాదాపు అంతా వీటి మీదే ఉంది. హెచ్‌ఎంవీ, కొలంబియా, ఓడియన్ లేబుళ్లు కనిపిస్తాయి. వీటి గాడి ఎల్‌పీ గాడి కంటే బాగా వెడల్పు. ఎల్‌పీకి సుమారు 18 మైక్రాన్ల మొన ఉన్న ముల్లు సరిపోతే, 78 ప్లేటుకు 75 మైక్రాన్లది కావాలి. అంటే నాలుగు రెట్లు. ఎల్‌పీ ముల్లును 78 మీద పెడితే అది గాడి అడుగున పడి దుమ్మును గీకుతూ పోతుంది. 78 ముల్లును ఎల్‌పీ మీద పెడితే గాడే చెడుతుంది.

కాబట్టి పెట్టెలో 78 ప్లేట్లు లేకపోతే మూడు స్పీడ్ల మెషీన్ కోసం డబ్బులు పోయాల్సిన పనిలేదు. ఉన్నాయంటే మాత్రం, బాక్సు మీద ‘33, 45, 78’ అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. 78 ముల్లు విడిగా దొరుకుతుందా అన్నదే అసలు ప్రశ్న. చవక మెషీన్లలో చాలావాటికి స్పీడు ఉంటుంది కానీ ముల్లు ఉండదు.

సూట్‌కేస్ ప్లేయర్ కొనొచ్చా?

ప్లేటును తాకేది ముల్లు ఒక్కటే. ముల్లును పట్టుకుని ఉండే చిన్న డబ్బా కార్ట్రిడ్జ్. ఈ రెండూ ఎలాంటివన్నది తేలితే సగం పని అయినట్టే. ఐదారు వేల సూట్‌కేస్ మోడళ్లలో ఉండేది సాధారణంగా సెరామిక్ కార్ట్రిడ్జ్. అది గాడి మీద ఐదు గ్రాములు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ బరువు మోపుతుంది. మంచి మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌కు రెండు మూడు గ్రాములు చాలు. రెండు గ్రాములకు, ఐదు గ్రాములకు తేడా ఏముంటుందిలే అనిపిస్తుంది. కానీ ఆ బరువంతా వెంట్రుక కంటే సన్నని మొన మీద పడుతుందని మర్చిపోకూడదు.

సూట్‌కేస్ ప్లేయర్ మీద ఒక్కసారి పెడితే ప్లేటు నాశనం అయిపోతుందని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లున్నారు. అది అతి. ఒక్కసారికే ఏమీ కాదు. కానీ అందులో బరువు మార్చుకునే వీలుండదు, చేయి లోపలికి జారకుండా ఆపే సర్దుబాటు ఉండదు, స్పీకర్లు కూడా అదే డబ్బాలో ఉండటంతో సౌండ్ పెంచితే ప్లేటే వణుకుతుంది. పైగా ముల్లు అరిగిపోయినా జనం నెలల తరబడి అదే వాడుతుంటారు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది. అరిగిన ముల్లు ఉలిలా పదునెక్కి గాడి గోడలను చెక్కేస్తుంది. ఎంత ఖరీదైన మెషీన్‌లో ఉన్నా అంతే.

షోకేస్‌లో పెట్టుకుని ఎప్పుడో ఓసారి కొత్త ప్లేటు వినే పిల్లలకైతే సూట్‌కేస్ పర్లేదేమో. తాత ప్లేట్లకు మాత్రం వద్దు.

కొత్తది కొంటే ఏది? ఎంతలో?

చవకగా, భయం లేకుండా కొనాలనుకునేవాళ్లకు ఎక్కువమంది చెప్పే పేరు ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్. 1962లో పుట్టిన జపాన్ కంపెనీ ఇది. బెల్టుతో తిరుగుతుంది. బటన్ నొక్కితే చేయి తనే లేచి ప్లేటు మీద దిగుతుంది, పాటలు అయిపోగానే తనే వెనక్కి వస్తుంది. వణికే చేతులతో ముల్లు పెట్టాల్సిన పని ఉండదు కాబట్టి పెద్దవాళ్లున్న ఇంటికి ఇదో పెద్ద సుఖం. బరువు కంపెనీలోనే 3 గ్రాములకు కట్టేసి ఉంటుంది. మార్చలేం, మార్చాల్సిన అవసరమూ లేదు. 33, 45 మాత్రమే తిరుగుతుంది.. 78 లేదు.

ధరలు రోజుకోలా మారుతుంటాయి. సేల్ ఉన్నప్పుడు ఒకలా, లేనప్పుడు ఒకలా. సుమారుగా పన్నెండు వేల నుంచి ఇరవై వేల లోపు అనుకోవచ్చు. ఇదే వరసలో బ్లూటూత్ కావాలనుకునేవాళ్లకు సోనీ పీఎస్-ఎల్‌ఎక్స్310బీటీ కనిపిస్తుంది. అది కూడా బెల్టు, ఆటోమేటిక్. బ్లూటూత్ ఉందని ఎక్కువ డబ్బు పెట్టడం అవసరమా అంటే.. ఇంట్లో ఇప్పటికే మంచి బ్లూటూత్ స్పీకర్ ఉంటే సరే. లేదంటే ఆ డబ్బుతో ఓ జత స్పీకర్లు కొనుక్కోవడమే తెలివైన పని.

పెట్టెలో 78 ప్లేట్లు ఎక్కువగా ఉన్నవాళ్లది ఇంకో దారి. ఆడియో-టెక్నికాలోనే ఏటీ-ఎల్‌పీ120ఎక్స్‌యూఎస్‌బీ అని ఉంది. మోటారే నేరుగా ప్లాటర్‌ను తిప్పుతుంది, మూడు స్పీడ్లూ ఉన్నాయి. దానితో వచ్చే వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌లో ముల్లు భాగం మాత్రం లాగి తీసేసి, 78 కోసం చేసిన ఏటీ-వీఎంఎన్95ఎస్‌పీ ముల్లు పెట్టుకోవచ్చు. మొత్తం కార్ట్రిడ్జ్ మార్చాల్సిన పనిలేదు. యూఎస్‌బీతో కంప్యూటర్‌కు కలిపి పాటలను ఫైళ్లుగా దాచుకోవచ్చు. ముప్పై వేల పైమాటే. ఖరీదే, కాదనలేం. కానీ ఇంట్లో పగిలిపోయే రకం పాత ప్లేట్లు యాభై ఉన్నాయంటే ఇంతకంటే తక్కువలో కొత్తగా సరైన దారి దొరకడం కష్టం. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి ఒకటి కొని, అన్ని పాటలూ ఫైళ్లు చేసుకుని పంచుకోవడం కూడా ఓ పద్ధతే.

ఈ యంత్రాలు ఇప్పుడు మళ్లీ ఎందుకు వస్తున్నాయంటే, అమెరికాలో 2022లో వినైల్ రికార్డులు 4 కోట్లకు పైగా అమ్ముడుపోయి, సీడీలను దాటేశాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మన దేశంలో సరేగమా కూడా పాత సినిమాల ఎల్‌పీలను మళ్లీ అమ్ముతోంది. కొత్త ఎల్‌పీ ఒక్కోటి వేలల్లో ఉంది. అటక మీది పెట్టెను తూకానికి వేసేముందు ఈ లెక్క కూడా గుర్తుంటే మంచిది.

సెకండ్‌హ్యాండ్‌లో అసలు బేరం.. అసలు మోసం కూడా!

పదివేల లోపే కావాలంటే సెకండ్‌హ్యాండే దారి. మన దేశంలో 1960ల నుంచి 80ల దాకా హెచ్‌ఎంవీ ఫియస్టా, కాలిప్సో లాంటి పోర్టబుల్ ప్లేయర్లు, ఫిలిప్స్ రికార్డ్ ప్లేయర్లు ఇంటింటికీ వెళ్లాయి. కోల్‌కతా కంపెనీ సోనోడైన్, ముంబై కంపెనీ కాస్మిక్ టర్న్‌టేబుళ్లు కూడా దొరుకుతుంటాయి. పాత పోర్టబుల్ ప్లేయర్లలో ఎక్కువగా ఉండేవి సెరామిక్ కార్ట్రిడ్జ్‌లే. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, ఇంట్లో ఓ జ్ఞాపకంగా బాగుంటాయి. రోజూ వినడానికి మాత్రం మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఉన్నదే వెతకాలి.

పాత ప్లేయర్లలో ఓ చిన్న కిటుకు ఉంది. చాలావాటిలో ముల్లు రెండు వైపులా ఉంటుంది. చిన్న పుల్లను తిప్పితే ఒకవైపు ఎల్‌పీ, ఇంకోవైపు 78. అమ్మేవాడు ఏ వైపు ఉందో చూడకుండా మీ ఎల్‌పీ మీద పెట్టేస్తే కథ ముగిసినట్టే. అందుకే టెస్టు చేయడానికి తాత భగవద్గీత ప్లేటు తీసుకెళ్లొద్దు. పోయినా పర్లేదనుకునే ప్లేటు ఒకటి చంకన పెట్టుకుని వెళ్లండి.

“అన్నా, ఒక పాట పెట్టి ఇనిపియ్యు” అని అడగడానికి మొహమాటపడొద్దు. ‘కరెంటు లేదు’, ‘ముల్లు లేదు, వేస్తే ఆడుతది’ అంటే దాన్ని ఆడని మెషీన్ కిందే లెక్కేసి బేరమాడాలి. ‘వేస్తే ఆడుతది’ అన్న మాటకు ఐదు వందల నుంచి ఐదు వేల దాకా ఖర్చు ఉంటుంది. ఎందుకంటే కొన్ని పాత కార్ట్రిడ్జ్‌లకు ముల్లు ఇప్పుడు దొరకనే దొరకదు. కార్ట్రిడ్జ్ మీద నంబర్ రాసి ఉంటుంది. డబ్బులిచ్చే ముందే ఆ నంబర్‌తో ఫోన్‌లో వెతికి ముల్లు ఉందో లేదో చూసుకోవాలి.

ఆ తర్వాత ప్లగ్ పీకేసి ప్లాటర్‌ను చేత్తో తిప్పండి. గరగరలాడకుండా మెత్తగా తిరిగి మెల్లగా ఆగాలి. పైకి కిందికి ఊగితే ఇరుసు పోయినట్టు. చేయిని వేలితో తేలిగ్గా తోస్తే అడ్డం లేకుండా కదలాలి. అలా కదలకుండా మధ్యలో పట్టేస్తే అదే చోట ముల్లు ఇరుక్కుని పాట తిరిగి తిరిగి వస్తుంది. ప్లాటర్ ఎత్తి కింద చూడండి. బెల్టు ఉంటే అది జిగురుగా కరిగిపోయిందా, సాగిపోయిందా? బెల్టు మార్చడం తేలికే, రెండు మూడొందల పని. కొన్ని పాత మోడళ్లలో బెల్టు బదులు రబ్బరు చక్రం ఉంటుంది. అది గట్టిపడి ఉంటే లోపల గుడుగుడుమని మోత వస్తుంది, ఆ చక్రం దొరకడం కూడా కష్టం.

స్పీడు సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి యాప్ అక్కర్లేదు. ప్లాటర్ అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్‌లో మూడు నిమిషాల టైమర్ పెట్టండి. 33⅓ స్పీడులో సరిగ్గా వంద చుట్లు తిరగాలి. తొంభై ఏడో, నూటమూడో వస్తే పాట శ్రుతి మారిపోతుంది. చుట్లు సరిగ్గా వచ్చినా సరే, నాదస్వరం గానీ షెహనాయి గానీ పొడుగ్గా సాగే చోట చెవి పెట్టి వినండి. స్వరం ఊయల ఊగినట్టు వస్తే మోటారో ఇరుసో తేడా ఉంది. తర్వాత రెండు స్పీకర్లలోనూ సౌండ్ వస్తోందా అన్నది. ఒకవైపే వస్తే తీగ ఊడి ఉండొచ్చు, కార్ట్రిడ్జ్ సగం చచ్చి ఉండొచ్చు. మొదటిదైతే యాభై రూపాయల పని. రెండోదైతే కొత్త కార్ట్రిడ్జే.

గల్ఫ్ నుంచి వచ్చిన సెట్టు ఇంట్లో ఉందా?

నిజామాబాద్ జిల్లాలో ఈ ముచ్చట చెప్పకుండా ఉండలేం. గల్ఫ్ వెళ్లినవాళ్లు తెచ్చిన పెద్ద మ్యూజిక్ సెట్లు.. పైన రికార్డ్ ప్లేయర్, మధ్యలో రేడియో, కింద క్యాసెట్.. కొన్ని ఇళ్లల్లో ఇప్పటికీ బట్ట కప్పి ఉంటాయి. జపాన్ కంపెనీలవి అయితే కొత్తగా కొనే ముందు వీటినే ఓసారి బాగు చేయించుకోవడం నయం. బెల్టు, ముల్లు మారిస్తే చాలాసార్లు లేచి కూర్చుంటాయి.

అయితే ప్లగ్ పెట్టే ముందు వెనకవైపు చూడాలి. అక్కడ 110, 220, 240 అని రాసిన చిన్న స్విచ్ ఉంటే దాన్ని మన వోల్టేజీకి తిప్పాలి. స్విచ్ లేకుండా 110 లేదా 127 అని మాత్రమే ఉంటే నేరుగా పెట్టొద్దు, లోపల కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. దుబాయ్, మస్కట్, ఖతార్, కువైట్‌లలో మనలాగే 50 హెర్ట్జ్ కరెంటు. సౌదీలో మాత్రం 60 హెర్ట్జ్. అమెరికాలోనూ అంతే. కరెంటు సైకిళ్లను బట్టి తిరిగే ఏసీ మోటారు ఉన్న సెట్టును అక్కడి నుంచి తెస్తే, మన దగ్గర అది ఆరింట ఐదు వంతుల స్పీడుతోనే తిరుగుతుంది. 33⅓ కాస్తా 28 దగ్గరికి పడిపోతుంది. ఘంటసాల గొంతు మరీ లోతుగా, నీరసంగా వినిపిస్తే కారణం ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఇది పోదు. మోటారు మీద ఉండే పుల్లీ మార్చాలి. డీసీ మోటారు ఉన్నవాటికి ఈ గొడవ లేదు.

అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు కూడా ఇదే గుర్తుంచుకోవాలి. అడాప్టర్‌తో నడిచే కొత్త మోడల్ అయితే అడాప్టర్ మీద ‘100-240’ అని ఉందేమో చూసుకుంటే చాలు.

ఎక్కడ వెతకాలి?

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంత, పాతబస్తీ వైపు జుమ్మెరాత్ బజార్.. పాత సామాన్లకు పేరున్న చోట్లు. పొద్దున్నే వెళ్తే సరుకు, ఎండెక్కాక వెళ్తే మిగిలింది. బెల్టులు, వైర్లు, చిన్న విడిభాగాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ తిరగొచ్చు. నిజామాబాద్ మీదుగా ముంబై వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి ముంబై దారిలో ఉంటారు. అక్కడి చోర్ బజార్‌లోని మటన్ స్ట్రీట్ పాత గ్రామఫోన్లకు, రికార్డులకు దేశమంతా పేరు. కానీ ఒక్క టర్న్‌టేబుల్ కోసం అంత దూరం పోవడం దండగ. వేరే పని మీద వెళ్తే తిరిగి రండి.

నిజామాబాద్‌లోనే ముందు అడగాల్సింది షాపుల్లో కాదు. టేప్‌రికార్డర్లు, రేడియోలు బాగుచేసిన పాత మెకానిక్‌లను అడగాలి. ఎవరింట్లో ఏ సెట్టు మూలన పడి ఉందో వాళ్లకు గుర్తుంటుంది. పైగా రేపు చెడితే చేసేదీ వాళ్లే. ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు ఆడుతున్న వీడియో, అందులో ఆ రోజు న్యూస్‌పేపర్, ముల్లు దగ్గరి ఫోటో అడగండి. ఇవ్వకపోతే వదిలేయండి. అడ్వాన్స్ ముందు పంపమనేవాళ్లకు అస్సలు పంపొద్దు.

మార్కెట్‌లో ఇంకో వల ఉంది. మెరిసే ఇత్తడి గొట్టం, చెక్క పెట్టె, కుక్క బొమ్మ స్టిక్కర్‌తో ‘వందేళ్ల నాటి గ్రామఫోన్’ అని అమ్ముతుంటారు. వీటిలో చాలావరకు అలంకారం కోసం ఈమధ్య చేసినవే. ఎక్కడెక్కడివో పాత మోటారు, కొత్త గొట్టం కలిపి బిగిస్తారు. నిజమైనదైనా సరే, తాళం తిప్పే గ్రామఫోన్ మీద ఎల్‌పీ పెట్టొద్దు. దాని సౌండ్ బాక్స్, ఉక్కు ముల్లు కలిసి వంద గ్రాముల పైనే బరువు మోపుతాయి. ఎల్‌పీ గాడి ఆ ఒక్కసారికే పోతుంది. అవి లక్క ప్లేట్ల కోసం చేసినవి, అక్కడ కూడా ఒక్కో వైపు అయ్యాక ఉక్కు ముల్లు మార్చేయాలి.

టీవీకి కలిపితే సౌండ్ రావట్లేదేంటి?

మెషీన్ ఇంటికొచ్చాక అందరికీ వచ్చే డౌట్ ఇది. మ్యాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే కరెంటు చాలా తక్కువ, కొన్ని మిల్లీవోల్టులే. పైగా రికార్డు చేసేటప్పుడే బేస్ తగ్గించి, సన్నని స్వరాలు పెంచి గాడిలో ఎక్కిస్తారు. అలా చేయకపోతే బేస్ గాడులు పక్క గాడుల్లోకి దూసుకుపోతాయి. వినేటప్పుడు దాన్ని తిరగేసి సరిచేసేది ఫోనో ప్రీయాంప్ అనే చిన్న పరికరం. అది లేకుండా హోమ్ థియేటర్‌కు నేరుగా కలిపితే దోమ పాడినట్టు వినిపిస్తుంది.

పైన చెప్పిన కొత్త మోడళ్లలో ఇది లోపలే ఉంది. వెనకవైపు ‘లైన్’, ‘ఫోనో’ స్విచ్ ఉంటే లైన్ వైపు పెట్టి ఆంప్లిఫయర్ ఆక్స్‌కు కలపండి. పాత ఆంప్లిఫయర్‌లో ‘ఫోనో’ అని రాసిన రంధ్రాలుంటే మాత్రం స్విచ్ ఫోనోకు మార్చాలి. రెండుచోట్లా ప్రీయాంప్ ఉంటే సౌండ్ పగిలిపోతుంది. సెకండ్‌హ్యాండ్ టర్న్‌టేబుల్‌కు బయట ప్రీయాంప్ కొనాల్సి రావచ్చు. బేరం ఆడేటప్పుడే ఆ వెయ్యి రెండు వేలు లెక్కలో వేసుకోవాలి. ‘గూం’ అని మోత వస్తోందంటే సన్నటి గ్రౌండ్ వైరు కలపడం మర్చిపోయారేమో చూడండి. స్పీకర్లను టర్న్‌టేబుల్ ఉన్న బల్ల మీదే పెట్టొద్దు.

మన ఎండలకు ప్లేట్లు తట్టుకుంటాయా?

తట్టుకుంటాయి, నిలబెడితే. ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి పెట్టె నింపితే కింది ప్లేట్లు వంగిపోతాయి. పుస్తకాల్లా నిలువుగా పెట్టాలి. రేకుల ఇంట్లోనో, డాబా మీది గదిలోనో, అటక మీదో ఉంచొద్దు. మే నెలలో నిజామాబాద్‌లో బయటే 44, 45 డిగ్రీలు. ఎండలో అద్దాలు మూసిన కారులో ఇంకా ఎక్కువ, 60 దాటుతుంది. ఆ వేడికి వినైల్ మెత్తబడి పళ్లెంలా వంకర తిరుగుతుంది. హైదరాబాద్ నుంచి కొన్న ప్లేట్లు కారు వెనక సీట్లో పెట్టి మధ్యలో భోజనానికి ఆగితే అయిపోయినట్టే.

మెషీన్‌ను బస్సులోనో రైల్లోనో తెచ్చేటప్పుడు ప్లాటర్ తీసి విడిగా చుట్టాలి, చేయి వెనక ఉండే బరువు తీసేయాలి, చేయిని దాని కొక్కేనికి దారంతో కట్టాలి. ముల్లుకు ప్లాస్టిక్ తొడుగు ఉంటే తొడగాలి. ఇవేవీ చేయకుండా తెస్తే ఇంటికి చేరేసరికి ముల్లు విరిగి ఉంటుంది.

కడగడం దగ్గర మళ్లీ లక్క, వినైల్ తేడా వస్తుంది. వినైల్ ప్లేటును డిస్టిల్డ్ వాటర్‌తో, మెత్తని బట్టతో, గాడి తిరిగే దారిలోనే తుడవాలి. మధ్యలో లేబుల్ తడవకూడదు. కొందరు వినైల్‌కు కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుతారు. అది 78 ప్లేటుకు మాత్రం పొరపాటున కూడా తగలకూడదు. లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. శానిటైజర్ కూడా అంతే. చేతులకు రాసుకుని వెంటనే పట్టుకున్నా మరకలు పడతాయి. వానాకాలం తేమకు కవర్ల మీద బూజు వస్తే కవర్ తీసి నీడలో ఆరబెట్టాలి, ఎండలో కాదు.

ఇంత ఖర్చు మా వల్ల కాదు, వినేవాళ్లు కూడా లేరు అనుకునే ఇళ్లూ ఉంటాయి. అందులో తప్పేం లేదు. అలాంటప్పుడు ముఖ్యంగా 78 ప్లేట్లను పాత సామానుకు వేసేముందు లేబుళ్ల ఫోటోలు తీసి సేకరించేవాళ్లకు పంపండి. ముంబైలో 1990లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ లాంటి సంఘాలు ఉన్నాయి. పాత 78 ప్లేట్లను డిజిటల్ చేసి ఉచితంగా వినిపించే ఆర్కైవ్ ఆఫ్ ఇండియన్ మ్యూజిక్ కూడా ఉంది. మీ దగ్గరున్న ప్లేటు ఇంకెక్కడా మిగలనిదే కావచ్చు.

కొన్నవాళ్లు చివరగా ఓ డైరీ పెట్టుకోవాలి. మామూలు ముల్లు ఆయుష్షు 300 నుంచి 500 గంటలు. 400 అనుకుంటే, ఇరవై నిమిషాల వైపులు 1,200.. అంటే ఆరు వందల ఎల్‌పీలు రెండు వైపులా. రోజుకో ఎల్‌పీ వినే ఇంట్లో ఏడాదిన్నర దాటితే ముల్లు మార్చే టైమ్ వచ్చినట్టే. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదైతే లెక్కపెట్టే పని కూడా లేదు. పాత ఓనర్ ఎంత వాడాడో తెలియదు కాబట్టి, మొదటి రోజే కొత్త ముల్లు వేసి ఆ తర్వాతే తాత ప్లేటు పెట్టండి.